సంచి తిన్న దెబ్బలు

ఏప్రిల్ 3, గురువారం

కోడి మోటారు సైకిలు సీటు మీద గుడ్డు పెట్టింది. ఈయన చూసుకోలేదు. పలాస బజారుకని తెల్ల పంచె కట్టుకుని దర్జాగా ఎక్కి కూర్చున్నాడు. ఆ అరుపుకి అత్త పూజ మధ్యలో లేచి వచ్చేసింది. పంచె వెనక అంతా పచ్చసొన. నేను చెంబుతో నీళ్ళందించి, గబగబా వంటింట్లోకి పోయి, పప్పు డబ్బా మూత తీసి అందులో మొహం పెట్టి నవ్వాను. డబ్బాలో నవ్వితే బయటికి వినపడదు. ఈ ఇంటికొచ్చాక నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే.

ఇది కంచె అవతలి వదినకి చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. పెరట్లోకెళ్ళి కంచం వెనక గరిటెతో కొట్టాను – టక్, టకటక్. మగాళ్ళు కోళ్ళని పిలుస్తున్నామనుకుంటారు. కోళ్ళూ అలాగే అనుకుని పరిగెత్తుకొస్తాయి. వదిన కూడా వచ్చింది. పై పెదవి చిట్లి ఉంది.

టీవీ రిమోట్ కనపడలేదట. అన్నయ్య వెతికాడు, అడిగాడు, కొట్టాడు. కొట్టీ కొట్టీ అలిసిపోయి కుర్చీలో కూలబడగానే టీవీ దానంతటదే మోగింది. రిమోట్ ఆయన లుంగీ మడతలోనే ఉంది! వదిన కొంగుతో రక్తం అద్దుకుంటూనే ఇదంతా అభినయించి చూపించింది – ఆయన కూలబడటం, టీవీలో ఎవత్తో పాడటం, ఆయన ఉలిక్కిపడటం. నేను గుడ్డు సంగతి చెప్పాను.

"నవ్వించకు వదినా, పెదవి సాగతంది" అంటుంది. అని మళ్ళీ తనే మొదలుపెడుతుంది. ఇద్దరం కంచె పట్టుకుని వంగిపోయాం.

నవ్వు తగ్గాక ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. అక్కడ పడింది. ఇక ఇక్కడ పడాలి.

ఏప్రిల్ 4

కుండమార్పు పెళ్ళి కనిపెట్టినవాడెవడో ఒక్కసారి నాకు దొరికితే బాగుండు. మా అన్నయ్యకి ఈయన చెల్లెలు, ఈయనకి నేను. ఒకటే పందిరి, ఒకటే మేళం. ఆమె నాకు వదిన, నేను ఆమెకి వదిన. మగాళ్ళిద్దరూ ఒకరికొకరు బావ. రెండిళ్ళ మధ్య కొబ్బరి మట్టల కంచె, దాని మీదికి వాలిన జీడిచెట్టు. చెబితే ఎంత ముచ్చటగా ఉంటుందో!

ముచ్చట వెనక సంగతి వేరే. ఆ ఇంట్లో వదిన మీద చెయ్యి పడిందా, ఈ ఇంట్లో నా మీద పడాలి. నా మీద పడిందా, ఆమె మీద. చేతులు కట్టుకుని కూర్చుంటే ఆడపిల్ల తరఫున అడిగే దిక్కు లేదంటారు. అడగడమంటే నోటితో అడగడం కాదు.

అత్తకి కూతురి పెదవి సంగతి తెలిసిపోయింది. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

ఏప్రిల్ 5, శనివారం

పొద్దుటి నుంచీ అత్త ఈయన వెనకే తిరుగుతోంది. జీడిపిక్కలు ఆరబోస్తుంటే అక్కడికి, స్నానానికి వెళ్తే తడిక దగ్గరికి. చివరికి నాకు వినపడేలాగే అనేసింది –

"నా పిల్ల పెదవి సిట్లితే నీ పెళ్ళాం గాజులాడించుకుని తిరగతంది. నువ్వు మగోడివేనేటిరా?"

ఈయన మెత్తనివాడేం కాదు. మొదటి రోజుల్లో బెల్టు తీసేవాడు. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ దెబ్బలకే నూతి గట్టు మీద పడ్డాను. గట్టంతా రక్తం. ఆ రోజు తర్వాత ఆ చెయ్యి ఆగింది. మంచివాడయ్యాడని కాదు, జడిసిపోయాడు. కొట్టడం మానేసినందుకు దణ్ణం పెట్టాలా? నేను పెట్టను.

మధ్యాహ్నం కర్ర పట్టుకుని గదిలోకొచ్చి తలుపు గడియ పెట్టాడు. నేను గోడకి ఆనుకున్నాను. ఈయన నా వైపు రాలేదు. మూలనున్న కొబ్బరి పీచు సంచి ముందుకి లాగాడు.

"నాను దీన్ని కొడతాను. నువ్వు గట్టిగా అరవాల" అన్నాడు, గొంతు తగ్గించి.

కొట్టాడు. నేను అరిచాను. రెండు దెబ్బలకే సంచిలోంచి ఇన్నేళ్ళ దుమ్మూ లేచింది. తుమ్ము! ఈయన తుమ్ము మామూలు తుమ్మా... పక్క వీధిలో కుక్కలు లేస్తాయి. బయట అత్త ఉంది, తుమ్మకూడదు. ముక్కు పట్టుకుంటాడు, కొడతాడు, కళ్ళు తేలేస్తాడు. ఎడమ చేత్తో ముక్కు, కుడి చేత్తో కర్ర. ఆగలేక తుమ్మిన ప్రతిసారీ అది వినపడకుండా నేను కేక పెట్టాలి. నాకు నవ్వు తన్నుకొస్తోంది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. కొంగులోంచి వచ్చిన ఆ చప్పుడు అచ్చం ఏడుపే. బయట అత్త దగ్గు వినపడింది. సంతృప్తిగా దగ్గింది.

ఆ తర్వాత ఈయనకి ఇంకో సందేహం. ఒంటి మీద ఏమీ లేకపోతే అమ్మ నమ్మదట. జీడితోటల ఉద్దానంలో పుట్టినవాళ్ళం కదా, ఇద్దరికీ ఒకటే తోచింది. పచ్చి జీడిపిక్క కోసి తెచ్చాడు. పిక్క తొక్కులో సొన తగిలితే చర్మం కాలి నల్లబడుతుంది, మాలో ఎవరికి తెలీదు? నా వేళ్ళ మీద ఆ మచ్చలు ఎప్పుడూ ఉండేవే, వాటినెవరూ పట్టించుకోరు. మోచేతికి పైన చారలుగా ఉంటే మాత్రం అది కర్ర దెబ్బే. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నాలిక బయటపెట్టి, పిల్లాడు బొమ్మ గీసినట్టు గీశాడు. ఒక చార వంకర వచ్చిందని బాధపడ్డాడు కూడా.

చురచుర మండుతోంది. మండుతున్నా నవ్వొస్తోంది. వదినా, ఇది నీకు చెప్పాలి!

ఏప్రిల్ 6, ఆదివారం

సొన ఎక్కువైంది. చారలు పొంగి బొబ్బలెక్కాయి. కొబ్బరినూనె రాశాను. దొంగ దెబ్బే గాని నొప్పి మాత్రం దొంగది కాదు.

అత్త చూసింది. ఎంత ప్రేమ! పెరుగన్నం కలిపి తెచ్చి పెట్టింది. ఇంత నేతి బొట్టు కూడా వేసింది. మగాడన్నాక కోపం ఉంటుందిలే అని నా తల నిమిరింది. ఈ ముసలిదాని చేతి పెరుగన్నం నేను పెళ్ళయ్యాక ఇదే తినడం. రుచిగా ఉంది. అందుకే నాకు ఒళ్ళు మండింది.

ఏప్రిల్ 7

అత్త పెరట్లోనే మంచం వేసుకుని కూర్చుంది, కంచె వైపు మొహం పెట్టి. అటునుంచి వదిన కంచం మోగిస్తోంది. వెళ్ళలేకపోయాను. నన్ను నిజంగానే కొట్టారనుకుని ఉంటుంది. ఉండనీ, ఒక్కరోజు. చెప్పినప్పుడు నవ్వు ఇంకా బాగుంటుంది... తుమ్ము దగ్గర ఎలా ఆపాలో, ఎక్కడ కళ్ళు తేలెయ్యాలో రోజంతా మనసులో సాధన చేశాను.

ఏప్రిల్ 8, మంగళవారం

రాయబుద్ధి కావడం లేదు. రాస్తాను.

భావనపాడు నుంచి చేపలామె వచ్చింది. రామాలయం వీధిలో గంప దించింది. నేను కూర్చుని కవళ్ళ చేపలు ఏరుతున్నాను. చెయ్యి చాపేసరికి కొంగు జారింది. ఎదురుగా అన్నయ్య. నా చెయ్యి చూశాడు. బొబ్బలు చితికి నల్లగా ఎండిపోయి ఉన్నాయి. ఆయన మొహంలో ఏదో కదిలింది. ఒక్క మాట అడగలేదు. చేపలు కొనకుండా లేచి వెళ్ళిపోయాడు.

నాకు బుర్ర ఎక్కడుంది? ఇంటికొచ్చి, చేపలు నీళ్ళలో వేసి, పొలుసు తీయబోతుంటే అప్పుడు తట్టింది. కత్తిపీట పడేసి కంచె దగ్గరికి పరిగెత్తాను. అప్పటికే మొదలైంది. కొబ్బరి మట్ట చప్పుడు. తర్వాత మట్ట కాదు, అరచెయ్యి. వదిన ముందు తిట్టింది. తర్వాత బతిమాలింది. తర్వాత ఏమీ లేదు.

అత్త వచ్చి నా భుజం మీద పడిపోయి ఏడుస్తోంది, నా కూతురో అని. అత్త ఏడుపు దొంగది కాదు. నేను "అన్నయ్యా, అన్నయ్యా" అని అరిచాను. అది జీడి, అన్నయ్యా – ఆ ఒక్క మాట అంటే చాలు. మట్ట ఆగిపోయేది. అత్త నా భుజం మీదే ఉంది. ఈ మాట ఆమె చెవిన పడితే దొంగ దెబ్బల సంగతి తెలిసిపోతుంది, అసలు దెబ్బలు నాకు పడతాయి. అంత ఆలోచించాను. ఆ చప్పుడు వింటూ, నిలబడి, అంత ఆలోచించాను. అనలేదు.

ఏప్రిల్ 9

వదినని ఆటోలో పలాస తీసుకెళ్ళారు. చెవిలోంచి రక్తం.

ఏప్రిల్ 10, గురువారం

ఎడమ చెవి ఇక పనిచెయ్యదట. కర్ణభేరి చిరిగింది, లోపల కూడా ఏదో దెబ్బతింది, వైజాగ్ తీసుకెళ్ళినా చెప్పలేమని డాక్టరు అన్నాడట. అన్నయ్య అక్కడ వరండాలో కూర్చుని జామకాయ తిన్నాడని ఆటోవాడు చెప్పాడు. ఆకలేసింది కాబోలు. వాడి ఆకలి తగలెయ్య.

ఈ మాట విన్న ఈయన మొహం నేనెప్పుడూ చూడని మొహం. చెల్లెలంటే ప్రాణం మరి. కొబ్బరికాయలు కొట్టే కత్తి తీసుకుని కంచె తన్నుకుంటూ వెళ్ళాడు. అటునుంచి అన్నయ్య గునపంతో వచ్చాడు. బావా అనే పిలుచుకుంటున్నారు. "రా బావా, రా" అని ఈయన, "నువ్వే రా బావా" అని ఆయన! కత్తి జీడికొమ్మకి తగిలి కొమ్మ విరిగింది. కొమ్మ అడ్డం రాకపోతే అన్నయ్య మెడ తెగేది. ఊళ్ళోవాళ్ళు నలుగురు పడి విడదీశారు.

విడదీసి ఎవరిళ్ళకి వాళ్ళని పంపారు. పంపితే ఏమవుతుందో వాళ్ళకి తెలీదా? తెలుసు. పంపారు.

తలుపు గడియ పెట్టాడు. సంచి మూలనే ఉంది. దాని వైపు చూడలేదు. కర్ర కూడా వెతకలేదు. మొదటి దెబ్బకి గోడ తగిలింది, రెండోది ఎక్కడ తగిలిందో తెలీలేదు. జుట్టు పట్టి లేపి మళ్ళీ కొట్టాడు. నేను అరవలేదు. ఆ రోజంతా ఉత్తుత్తికే అరిచి ఉన్నాను కదా, ఇవాళ గొంతు రాలేదు. నోట్లో ఉప్పగా ఉంది. పన్ను కదిలింది. ఆఖరికి ఆయనే చతికిలబడి ఏడ్చాడు. ఏడుస్తుంటే చెయ్యి సంచికి తగిలింది. దుమ్ము లేచింది. తుమ్మాడు.

నాకు నవ్వు రాలేదు. పంచె మీద సొన పడితే నవ్వుకున్న మనిషిని నేనేనా అనిపించింది.

ఏప్రిల్ 11

పన్ను ఊడింది. అత్త పెరుగన్నం తెచ్చింది. కంచం గోడకేసి కొట్టాను.

ఏప్రిల్ 12, శనివారం

అన్నయ్య తోటకి వెళ్ళడం చూసి కంచె దగ్గరికి వెళ్ళి కంచం మోగించాను. రాలేదు. అప్పుడు చెవి సంగతి గుర్తొచ్చి సందులోంచి దూరి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి, తల తిప్పి, కుడి చెవి ఇటు పెట్టింది. నా వాచిన మొహం చూసి తన కళ్ళలో నీళ్ళు. నా కోసం! నాకు చచ్చిపోవాలనిపించింది.

చెప్పేశాను. సంచి, దుమ్ము, ముక్కు పట్టుకోవడం, జీడిసొన, వంకర చార, అన్నీ. తనకి నవ్వు తెప్పించాలని దాచుకున్న మాటలే, వరస కూడా మార్చకుండా. నేల వైపు చూస్తూ చెప్పాను. కంచె దగ్గర నిలబడి జీడి అన్న మాట అనకపోవడం కూడా చెప్పాను.

వదిన నా చెయ్యి తీసుకుని, నల్లబడ్డ చారల మీద వేలితో రాసి చూసింది. చిన్నప్పటి నుంచీ జీడి ఒలిచిన వేలు. దానికి తెలిసిపోయింది.

"ఆ రోజు నాను నీ కోసం అన్నం తిన్నేదు వదినా" అంది. "ముందే సెప్పీసుంటే ఇద్దరం నవ్వుకుందుము."

లేచి లోపలికెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వెయ్యలేదు.

ఏప్రిల్ 13

కంచం మోగలేదు.

ఏప్రిల్ 14

పిల్లి పాలగిన్నెలో తల ఇరికించుకుని ఇల్లంతా తిరిగింది. గుమ్మానికి గుద్దుకుంది, అత్త మంచం కోడుకి గుద్దుకుంది. అలవాటుగా కంచం అందుకున్నాను. తీసినచోటే పెట్టేశాను.

ఒకటి అర్థమవుతోంది, ఇప్పుడు అర్థమై ఏం లాభమో తెలీదు. నేను ఇన్నేళ్ళు ఈ ఇంట్లో బతికింది ఆ కంచె దగ్గర. కోడిగుడ్డు, రిమోట్, పిల్లి... వీటిని ఏరి మూటకట్టుకుని ఒక మనిషికి చేరేస్తాను, ఆ మనిషి నాకు చేరేస్తుంది. దెబ్బలు ఆ మధ్యలో పడేవి, అంతే. ఇప్పుడు దెబ్బలొక్కటే మిగిలాయి. వదిన మళ్ళీ నవ్వకపోతే ఇవన్నీ నేనేం చేసుకోను?

ఏప్రిల్ 16, బుధవారం

పెద్దమనుషులు కూర్చున్నారు, జీడిచెట్టు కిందే. జలంత్రకోట నుంచి మా పెదమావ కూడా వచ్చాడు, ఇలాంటి తగవులు తీర్చడంలో పేరున్నవాడు. ఆయన తగవు సాగినంతసేపూ రాలిన జీడిమామిడి పళ్ళు ఏరుకుని తింటూనే ఉన్నాడు. గడ్డం మీద రసం, చొక్కా మీద రసం. ఆ మరకలు చచ్చినా పోవు. ఇంటికెళ్ళాక ఆ చొక్కాకి ఆయన భార్యని తిడతాడు.

పోలీసు కేసు వద్దన్నారు. ఇద్దరివీ ఇద్దరికీ సరిపోయాయన్నారు. ఏం సరిపోయింది – నా పన్నుకి తన చెవా? మమ్మల్ని అడగలేదు. మేం ఇటు గడప మీద ఒకరం, అటు గడప మీద ఒకరం. నోరు తుడుచుకుని పెదమావ తీర్పు చెప్పాడు –

"ఎవలి ఆడపిల్లని ఆలే ఇంటికి తీసుకుపోండి. కొన్నాళ్ళు కోపాలు సల్లారనియ్యండి."

అంటే నేను అన్నయ్య ఇంటికి. వదిన ఈ ఇంటికి, వాళ్ళమ్మ దగ్గరికి. ఎంత దూర ప్రయాణం! కంచె ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.

పెదమావ లేచి, వెళ్తూ వెళ్తూ సంచినిండా పళ్ళు పట్టుకెళ్ళాడు.

ఏప్రిల్ 17, గురువారం

ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని బయల్దేరాను. కంచె సందు దగ్గరికి వచ్చేసరికి అటునుంచి వదిన, నెత్తిన తన ట్రంకు పెట్టె. ఒకే పెళ్ళిలో కొన్నవి, ఒకే గులాబి రంగు పువ్వులు. ఇద్దరం ఒక్కసారే దూరాం. పెట్టెలు రెండూ సందులో ఇరుక్కున్నాయి.

ఇటునుంచి ఈయన "నువ్వు ఎనక్కి ఎల్లు" అని చెల్లెలికి చెబుతున్నాడు. అటునుంచి అన్నయ్య నాతో అదే అంటున్నాడు. వెనక్కి వెళ్తే తప్పా అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు. అత్త పెట్టె పట్టుకుని లాగుతోంది. ఎవరి పెట్టె లాగుతోందో ఆమెకే తెలీదు. పదిహేను రోజుల కిందటైతే మేమిద్దరం అక్కడే కూలబడి, కడుపు పట్టుకుని, ఊపిరాడక పోయేవాళ్ళం.

వదిన మొహంలోకి చూశాను. తను పెట్టె తాళం వైపు చూస్తోంది. పక్కకి తిప్పి, లాగి, దాటి వెళ్ళిపోయింది. ఆమె ఎడమ చెవి నా వైపు ఉంది. వదినా అన్నాను. వినపడలేదు కాబోలు.

ఏప్రిల్ 19

అన్నయ్య నన్ను పువ్వుల్లో పెట్టి చూస్తున్నాడు. రొయ్యలు తెచ్చాడు. ఫ్యాను నా మంచం వైపు తిప్పాడు. రిమోట్ తెచ్చి నా చేతికిచ్చాడు! వేడి చేస్తుందని మజ్జిగ కలిపి ఇచ్చాడు. అదే చెయ్యి. గ్లాసు అందుకుంటూ ఆ అరచెయ్యే చూశాను. నా చిన్నప్పుడు సంతలో తప్పిపోతే వెతికి పట్టుకున్న చెయ్యి కూడా అదే. ఆ చేతిని ఏం చెయ్యాలో నాకు తెలీడం లేదు.

కంచె అవతలి నుంచి ఈయన – ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టావని. చెప్పలేదు. వెతుక్కోనీ.

ఏప్రిల్ 20, ఆదివారం

మధ్యాహ్నం. అన్నయ్య భోంచేస్తున్నాడు. నేను వడ్డిస్తున్నాను. నా చెయ్యి మీద చారలు చూసి అడిగాడు.

"తగ్గిందేటి?"

"అది జీడి" అన్నాను.

అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఈయన నన్ను కొట్టలేదు, సంచిని కొట్టాడు, ఇది పిక్క సొనతో గీసింది అని. అన్నయ్య ఎంగిలి చేత్తోనే నా చెయ్యి లాక్కుని వెలుగులో పెట్టి చూశాడు. పుట్టిన దగ్గర్నుంచి జీడితోటలో ఉన్న మనిషి. దగ్గరగా చూస్తే క్షణంలో తెలిసేది. చేపల గంప దగ్గర కూడా తెలిసేది, నా పక్కకొచ్చి ఒక్కసారి చూసి ఉంటే.

"మరప్పుడే సెప్పనేదేటి?"

"నువ్వు అడగనేదు" అన్నాను. అని, ఊరుకోలేదు. "నాను కూడా అనాల్సింది. అత్తకి జడిసి అన్నేదు. కొట్టింది నువ్వే, అన్నయ్యా. నాను నోరు మూసుకున్నాను."

లేచాడు. కంచం ఎగిరి గోడకి తగిలింది, పులుసు నా మొహాన. చెయ్యెత్తాడు. నేను కదల్లేదు. ఆ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. నన్ను కొడితే జవాబు ఎవరికి పడాలి? వదిన ఇప్పుడు వాళ్ళమ్మ దగ్గర, అన్న కాపలాలో. ఏ ఇంటి దెబ్బ ఏ ఇంటికి పోవాలో అన్నయ్యకి అందలేదు, మొహంలో కనపడింది. ఇంకోరోజైతే పప్పు డబ్బా వెతుక్కునేదాన్ని.

చివరికి గోడని కొట్టాడు. మళ్ళీ మళ్ళీ కొట్టాడు, వేళ్ళు చిట్లి సున్నం ఎర్రబడేదాకా. తర్వాత టీవీ ముందు కూర్చున్నాడు. టీవీ పెట్టలేదు.

ఏప్రిల్ 21

అన్నయ్య తినలేదు. నేను తిన్నాను. కోపం వస్తే నాకు ఆకలి ఎక్కువ.

ఏప్రిల్ 22, మంగళవారం

గాలి సముద్రం వైపు నుంచి జోరుగా ఉంది. కొబ్బరాకుల చప్పుడులో మొదట పోల్చుకోలేదు. పిక్కలు చేటలోకి ఎత్తుతున్నాను. కోళ్ళు ఒక్కసారి తలెత్తి కంచె వైపు పరిగెత్తాయి. అప్పుడు విన్నాను. టక్, టకటక్.

చేట అక్కడే వదిలేసి వెళ్ళాను. ఆమె అటు, నేను ఇటు – పక్కలు మారాయి, కంచె అదే. విరిగిన జీడికొమ్మ ఇంకా తీయలేదు, దాని మీద ఆకులు ఎండిపోయాయి. మట్టల సందులోంచి వదిన మొహం సగమే కనపడుతోంది. చిక్కిపోయింది. నేనేం అనాలో తెలీక, ఉప్పు డబ్బా గూట్లో పసుపు వెనక ఉందని చెప్పాను. నాకంటే పిచ్చిది ఉంటుందా!

వదిన ఆ మాటకి నవ్వలేదు. కాసేపు కోళ్ళ వైపు చూసింది. తర్వాత అంది –

"మా అన్న తుమ్మినాడన్నావు కదా. ఆ కత సెప్పు. మొదటినుంచీ సెప్పు."

అని తల తిప్పి, సందుకి చెవి ఆనించింది. చూశాను. ఎడమ చెవి. లోపల దూది, దూది చుట్టూ పసుపుపచ్చగా మందు.

వదినా, అది కాదు, ఆ చెవి కాదు అన్నాను. గట్టిగానే అన్నాను, కుడి చెవికి వినపడేలా.

"తెలుసు" అంది. "ముందు దీనికి సెప్పు."

మొదలుపెట్టాను. తలుపు గడియ పెట్టాడు, మూలనున్న సంచి ముందుకి లాగాడు... తుమ్ము దాకా వెళ్ళలేకపోయాను. వదిన చెవి తీయలేదు. మట్టలు పట్టుకుని అలాగే నిలబడి ఉంది.